భవనాశి వెంట జ్వాలా నరసింహం దాకా: ఒక పూట నడక

నల్లమల కొండల్లోని అహోబిలం అనగానే ఎక్కువమంది అడిగేది ఒకటే: అక్కడి తొమ్మిది నరసింహస్వామి గుళ్ళూ ఒక్కరోజులో అయిపోతాయా? పొద్దున్నే లేచి, జీపు మాట్లాడుకుని, ఒక్కో గుడి దగ్గర పది నిమిషాలకు మించి ఆగకపోతే అవుతాయి. కానీ అడవిలో హాయిగా నడవాలని వెళ్ళేవాళ్ళు ఆ లెక్క వదిలేయడమే మంచిది. కొండ మీది ఎగువ అహోబిలం గుడి వెనక నుంచి భవనాశి వాగు వెంట జ్వాలా నరసింహస్వామి దాకా దారి సుమారు 4 కిలోమీటర్లు. ఆగుతూ, కూర్చుంటూ వెళ్ళి రావడానికి నాలుగైదు గంటలు పడుతుంది. ఆ రోజు పెద్ద పని ఇదొక్కటే పెట్టుకోండి.

చేరడం కష్టం కాదు. కర్నూలు, నంద్యాల మీదుగా కడప వెళ్ళే జాతీయ రహదారిలో ఆళ్ళగడ్డ దగ్గర దిగితే అక్కడి నుంచి కొండ కింది దిగువ అహోబిలం సుమారు 25 కిలోమీటర్లు. రైల్లో వచ్చేవాళ్ళకు నంద్యాల స్టేషన్ అనుకూలం, అక్కడి నుంచి సుమారు 70 కిలోమీటర్లు. దిగువ నుంచి ఎగువకు మరో 8 కిలోమీటర్ల కొండదారి. ఆర్టీసీ బస్సులున్నాయి కానీ తక్కువ, వాటిని నమ్ముకుంటే ఉదయపు చల్లదనం బస్టాండులోనే గడిచిపోతుంది. అందుకే ముందురోజు సాయంత్రానికే దిగువకు చేరి, తెల్లవారి ఆరింటికి ఆటో రమ్మని రాత్రే చెప్పి ఉంచుకోవాలి.

బసకు దిగువ అహోబిలమే మేలు. పర్యాటక శాఖ హరిత హోటల్‌లో ఏసీ గదులు, భోజనశాల ఉన్నాయి. ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవచ్చు. పిల్లలు, పెద్దవాళ్ళతో వెళ్తే అదే సుఖం. అహోబిల మఠం వసతి గదులు, సత్రాలు గుడికి దగ్గర, ఖర్చూ తక్కువ. అయితే దుప్పటి, సబ్బు, దోమల మందు మనమే పట్టుకెళ్ళాలి, భోజనం కావాలంటే ముందుగా చెప్పాలి. ఆళ్ళగడ్డ లాడ్జీలో దిగితే గది దొరుకుతుంది గానీ తెల్లవారుజామున ఓ గంట ప్రయాణానికే పోతుంది. ప్రతినెలా స్వామి జన్మనక్షత్రమైన స్వాతి రోజున, ఫాల్గుణ బ్రహ్మోత్సవాల్లో గదులూ దొరకవు, దారీ ఖాళీగా ఉండదు. పంచాంగం చూశాకే తేదీ వేసుకోండి.

కాలం విషయానికొస్తే నవంబరు నుంచి జనవరి వరకు అన్నివిధాలా అనువు. వానలు తగ్గి ఉంటాయి, వాగులో నీళ్ళు మిగిలి ఉంటాయి. ఏప్రిల్, మే నెలల్లో భవనాశి మడుగులుగా మిగులుతుంది, బండలు కాలిపోతుంటాయి. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా జలపాతాలు చూడముచ్చటగా ఉంటాయి, ప్రమాదమూ అప్పుడే. కింద ఎండ కాస్తున్నా పైన నల్లమలలో వాన పడితే వాగు కాసేపట్లోనే పెరుగుతుంది. తేటగా ఉన్న నీళ్ళు ఉన్నట్టుండి ఎర్రబారడం, ఆకులూ పుల్లలూ గుంపుగా కొట్టుకురావడం, హోరు మారడం: ఈ మూడింట్లో ఏది కనిపించినా వాగు మధ్య నుంచి వెంటనే గట్టుకు రావాలి. దారి అవతలి ఒడ్డున ఉంటే తొందరపడి దాటకూడదు, నీరు తగ్గేదాకా ఎత్తున కూర్చోవాలి. మోకాలు దాటిన ప్రవాహంలో చేతికర్ర కూడా ఆపలేదు.

ఎగువ గుడిలో దర్శనం చేసుకునే బయల్దేరండి. మధ్యాహ్నం కొంతసేపు మూస్తారు కాబట్టి తిరిగొచ్చాక చూద్దామనుకుంటే గుడి బయట పడిగాపులు తప్పవు. దారి మొదట్లో అంగళ్ళలో చేతికర్రలు దొరుకుతాయి. తీసుకోండి, దిగేటప్పుడు మోకాళ్ళ బరువు పంచుకుంటుంది, కోతుల దగ్గరా పనికొస్తుంది. ఇక్కడి కోతులకు పాలిథిన్ కవరు గలగలలాడితే చాలు, లోపల తిండి ఉందని తెలిసిపోతుంది. చేతిలో కవరు, బయటికి కనిపించే సీసా వద్దు. అన్నీ జిప్పున్న వీపుసంచిలోనే ఉండాలి. లాక్కుంటే మాత్రం పెనుగులాడకండి, పులిహోర పోతే పోయింది, కరిస్తే సూది మందు కోసం ఊళ్ళు తిరగాలి.

మొదటి కిలోమీటరు వరాహ నరసింహస్వామి గుడి దాకా. పెద్ద బండల నడుమ, వాగు పక్కనే, ఎవరైనా నడవగలిగిన దారి. మోకాళ్ళ నొప్పులవాళ్ళు, చిన్నపిల్లలు ఇక్కడికే వచ్చి నీళ్ళ పక్కన కూర్చుని వెళ్ళినా యాత్ర దండగ కాదు. అక్కడి నుంచి చెట్లు దట్టమవుతాయి, కొండలు రెండువైపులా దగ్గరికొస్తాయి. చివర్లో మెట్లు నిటారు. ఒకటి జానెడైతే ఇంకొకటి మూరెడు, అందుకే వరసగా ఎక్కితే కాళ్ళు పట్టేస్తాయి. ఇరవై మెట్లకోసారి ఆగడం నయం.

జ్వాలా గుడి ముంగిట పైకొండ అంచు నుంచి నీరు ధారగా పడుతుంది, దారి ఆ ధార వెనకగా సాగుతుంది. తడవకుండా వెళ్ళడం కష్టం, ఫోను ముందే కవర్లో చుట్టాలి. జారేది ఇక్కడే. నల్లగా నిగనిగలాడే రాయి మీద పాచి ఉంటుంది, గరుకుగా తెల్లబారిన చోట అడుగు వేయాలి, పాదం మొత్తం ఆనించాలి. అడుగు అరిగిన చెప్పుల కంటే గుడి దగ్గర ఎలాగూ విప్పేసే ఉత్త కాళ్ళే నయం. పట్టున్న బూట్లు అన్నిటికన్నా నయం. లోపల హిరణ్యకశిపుణ్ణి చీలుస్తున్న స్వామిని చూసి, పక్కనే స్వామి నెత్తుటి చేతులు కడుక్కున్నాడని చెప్పే రక్తకుండం చూసుకుని వెనుదిరగవచ్చు. స్వామి చీల్చుకుని వచ్చిన స్తంభమని చెప్పే కొండబండ, ఉగ్రస్తంభానికి దారి ఇక్కడి నుంచే పైకి పోతుంది. అది వేరే లెక్క. బండలు పట్టుకుని ఎక్కాలి, తోవ తెలిసిన మనిషి లేకుండా వెళ్ళకూడదు. తేలికపాటి నడకలో దానికి చోటు లేదు.

ఓపిక మిగిలితే తిరుగుదారిలో మాలోల నరసింహస్వామి గుడికి మెట్లు ఎక్కవచ్చు. ఇక్కడి ఉత్సవమూర్తి అహోబిల మఠాధిపతులైన జీయర్ల వెంట ఊరూరా తిరుగుతుంటాడని తెలుసుకుని వెళ్తే ఆ గుడి ఇంకోలా కనిపిస్తుంది.

మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, ఓఆర్‌ఎస్ పొట్లం ఒకటి, ఒక పూట తిండి, పొడి సాక్సులు చాలు. లోయలో ఫోన్ సిగ్నల్ దొరకదని అనుకునే వెళ్ళాలి. జ్వాలా దాకా గైడు అక్కర్లేదు. మనుషులు మోసుకెళ్ళే డోలీ కావాలనుకుంటే ఎక్కే ముందే రానూపోనూ రేటు, పైన ఎంతసేపు ఆగుతారో తేల్చుకోవాలి, దిగాక బేరం కుదరదు. చిల్లర నోట్లు ఉంచుకోండి. చీకటి పడ్డాక అది ఎలుగుబంట్లు తిరిగే అడవి కనుక నాలుగింటికల్లా ఎగువ గుడి దగ్గరుండాలి. దిగువకు ఆటోలు సాయంత్రానికి పలచబడతాయి, పొద్దున తెచ్చిన ఆటోవాణ్ణే మళ్ళీ రమ్మని చెప్పి, సగం డబ్బు అట్టేపెట్టుకోండి.