ముంబైలో ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్ సమ్మర్ ఇంటర్న్‌షిప్: ఎనిమిది వారాల్లో చేతికేం వస్తుంది?

ముందు ఒక పొరపాటు సరిచేసుకోవాలి. హైదరాబాద్‌లో పెద్ద విదేశీ బ్యాంకుల ఆఫీసులు చాలా ఉన్నాయి. వాటిలో సమ్మర్ ఇంటర్న్‌షిప్ వస్తే "ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్‌లో వచ్చింది" అని ఇంట్లో స్వీట్లు పంచేస్తారు. అక్కడ ఎక్కువగా ఉండేవి టెక్నాలజీ, రిస్కు, ఆపరేషన్స్ పనులు. మంచి పనులే, కాదనలేం. ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్ అసలు పని, అంటే కంపెనీని ఐపీవోకి (షేర్లని తొలిసారి జనానికి అమ్మడానికి) తీసుకెళ్లడం, కంపెనీల అమ్మకాలూ కొనుగోళ్లూ కుదర్చడం మాత్రం ప్రధానంగా ముంబైలోనే, అందులోనూ బాంద్రా కుర్లా కాంప్లెక్స్ (బీకేసీ), లోయర్ పరేల్ వైపే నడుస్తుంది. ఆఫర్ లెటర్‌లో బ్యాంకు పేరు కన్నా డివిజన్ పేరు ముందు చదవాలి. ఈ రివ్యూ ముంబైలో ఐపీవోలు చేసే టీముల గురించి.

మార్కులు వేయాలంటే నేర్పడంలో ఐదుకి నాలుగు, చూపించడంలో రెండు. ఆ రెండుకి కారణం టీము కాదు, క్యాలెండర్. ఐఐఎం విద్యార్థికి దొరికేది సుమారు ఎనిమిది వారాలు. ఐపీవోకేమో బ్యాంకుల్ని నియమించిన రోజు నుంచి లిస్టింగ్ దాకా నెలలు పడుతుంది. చివరి ముక్క మాత్రమే చకచకా అవుతుంది: ఇష్యూ కనీసం మూడు పనిదినాలు తెరిచి ఉంటుంది, ముగిశాక మూడో పనిదినానికి షేరు లిస్టు కావాలి (2023 డిసెంబర్ నుంచి ఇది తప్పనిసరి). కాబట్టి ఇంటర్న్‌కి కనబడేది సినిమాలో ఒక రీలే. ఏ రీలు అన్నది చేరిన తేదీని బట్టి ఉంటుంది.

మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధనల ప్రకారం డీఆర్‌హెచ్‌పీలో (ఐపీవోకి ముందు సెబీకి ఇచ్చే ముసాయిదా పత్రంలో) పెట్టే ఆర్థిక లెక్కలు ఆరు నెలలకు మించి పాతవి కాకూడదు. అమెరికా మదుపరులకు 144ఏ (పెద్ద సంస్థలకే అమ్మే అమెరికా నిబంధన) పద్ధతిలో కూడా అమ్మే ఇష్యూ అయితే, పత్రంలోని అంకెలు సరిపోయాయని ఆడిటర్లు బ్యాంకులకి ఇచ్చే కంఫర్ట్ లెటర్‌కి లెక్కల తేదీ నుంచి 135 రోజుల గడువు వచ్చిపడుతుంది. డిసెంబర్ 31 లెక్కలతో వెళ్తున్న ఇష్యూకి ఆ గడువు మే నడుమకి తీరిపోతుంది. ఏప్రిల్‌లో చేరినవాళ్లు సరిగ్గా ఈ పరుగు మధ్యలో దిగుతారు. మే మధ్య దాటాక ఒక్కసారిగా చప్పబడి, మార్చి లెక్కల ఆడిట్ కోసం ఎదురుచూపులు మొదలవుతాయి. అదే మే నెలలో వచ్చే ఇంజనీరింగ్ విద్యార్థులకి కొత్త లెక్కలతో డ్రాఫ్టు రాయడం ఎక్కువ కనబడుతుంది. మొదటి వారంలోనే "మన టీములో ఏ డీలు ఏ దశలో ఉంది?" అని అడగడం తప్పేం కాదు. అడగకపోతే ఎనిమిది వారాలూ పిచ్ పుస్తకాలకి (కొత్త క్లయింట్లకి చూపే ప్రెజెంటేషన్లకి) కంపెనీ ప్రొఫైళ్లు అతికించడంతోనే సరి.

ఇంటర్వ్యూకి ముందే చేయదగ్గ పని ఇంకోటి ఉంది. సెబీ సైట్లో పాత డీఆర్‌హెచ్‌పీలు ఉచితంగా దొరుకుతాయి. ఇష్యూలో ఒకటికి మించి బ్యాంకులుంటే, వాటిలో ఎవరు ఏ పని చూస్తారో చెప్పే పట్టిక ఒకటి అందులో ఉంటుంది. డ్రాఫ్టింగ్, డ్యూ డిలిజెన్స్ (కంపెనీ చెప్పేవి నిజమో కాదో తనిఖీ) సమన్వయం చేసిన బ్యాంకులో ఇంటర్న్‌కి పని నిండుగా ఉంటుంది. ప్రకటనలు, ప్రింటింగ్ చూసిన బ్యాంకులో ఆ డీలు మీద చేతికొచ్చేది తక్కువ. పట్టిక చూడ్డానికి పది నిమిషాలు పడుతుంది. చాలామంది చూడరు.

ఇక రోజువారీ పని. పప్పులో కాలేసేది ఎక్కువగా కాంప్స్ షీట్లోనే. పోటీ కంపెనీల విలువని ఎబిట్డాతో (వడ్డీ, పన్ను, తరుగుదల తీయకముందు లాభంతో) భాగించి పక్కపక్కన పెట్టే పట్టిక అది. చూడ్డానికి ఏడో తరగతి లెక్క. ఊహకి ఒక కంపెనీ తీసుకుందాం: మార్కెట్ విలువ 12,000 కోట్లు, అప్పు 1,500, మైనారిటీ వాటా (అనుబంధ కంపెనీల్లో బయటివాళ్ల భాగం) 100, నగదు 400. మొదటి మూడూ కలిపి నగదు తీసేస్తే ఎంటర్‌ప్రైజ్ విలువ 13,200. ఎబిట్డా 1,100 కాబట్టి 12 రెట్లు. అయిపోయిందా? లేదు. 2019 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఇండ్ ఏఎస్ 116 అనే అకౌంటింగ్ ప్రమాణం ప్రకారం షాపుల అద్దెలో చాలా భాగం ఖర్చుల్లోంచి తప్పుకొని తరుగుదల, వడ్డీల్లోకి పోయింది, అంటే ఎబిట్డా పెరిగింది. అద్దె ఒప్పందాల బాధ్యత 600 కోట్లుంటే దాన్ని అప్పులో కలపాలి. అప్పుడు 13,800, అంటే 12.5 రెట్లు. లేదంటే అప్పు జోలికి పోకుండా ఎబిట్డాలోంచి అద్దె 150 కోట్లు తీసెయ్యాలి, అప్పుడు 13.9 రెట్లు. రెండూ చెల్లుతాయి, పట్టికలో అన్ని కంపెనీలకీ ఒకటే పద్ధతి పాటిస్తే. ఒకదానికి ఇలా, ఇంకోదానికి అలా చేస్తే అవి కాకిలెక్కలు.

తరచూ దొరికిపోయే తప్పులు ఇంకా ఉన్నాయి. కన్సాలిడేటెడ్ (అనుబంధ కంపెనీలతో కలిపిన) బదులు స్టాండలోన్ (ఒక్క కంపెనీవే) లెక్కలు తీసుకోవడం. బోనస్ షేర్లు ఇచ్చాక కూడా పాత షేర్ల సంఖ్యనే వాడటం. మన కంపెనీకి మార్చితో ముగిసే ఏడాది, విదేశీ పోటీదారుకి డిసెంబర్‌తో ముగిసే ఏడాది పెట్టేసి సర్దకపోవడం. ఒక కాలమ్ మిలియన్లలో, ఇంకో కాలమ్ కోట్లలో ఉండటం (పది మిలియన్లయితే కోటి; రాత్రి ఒంటిగంటకి ఇది కూడా మర్చిపోతారు). చేత్తో కొట్టిన అంకె నీలం, ఫార్ములా నలుపు, వేరే షీటు నుంచి తెచ్చింది ఆకుపచ్చ అన్న రంగుల కట్టుబాటు అలంకారం కోసం పెట్టింది కాదు. నలుపు గడిలో చేత్తో కొట్టిన అంకె దాక్కుంటే ఆ తప్పు నెల తర్వాత గానీ బయటపడదు. పంపేముందు ప్రతి గడి మీదా ఎఫ్2 నొక్కి లోపలి ఫార్ములా చూసుకోవడం విసుగే, కానీ అదే పని.

రెండో పెద్ద పని బ్యాకప్. డీఆర్‌హెచ్‌పీలో కంపెనీ తన గురించి చెప్పుకునే ప్రతి వాక్యానికీ ఆధారం చూపాలి. "దేశంలో రెండో అతిపెద్ద తయారీదారు" అని ఉంటే దేంట్లో రెండో స్థానం, సామర్థ్యంలోనా అమ్మకాల్లోనా, ఏ ఏడాది, ఏ నివేదికలో, ఏ పేజీలో? ఈ నాలుగూ దొరక్కపోతే వాక్యం పోతుంది. తాడూ బొంగరం లేని అంకెలు పట్టుకోవడం ఇంటర్న్ వంతు. ఆధారం ఫైలు పేరులోనే డీఆర్‌హెచ్‌పీ పేజీ నంబరు పెడితే, డ్రాఫ్టు మారినప్పుడల్లా పేజీలు కదిలి గోల అవుతుంది. సెక్షన్ పేరు, వాక్యం వరుస నంబరు పెట్టుకుంటే బతికిపోతారు. ఈ పనిని గుమాస్తా పని అని చిన్నచూపు చూసేవాళ్లున్నారు. మా మటుకు మాకు ఇంటర్న్‌షిప్‌లో అసలు చదువు ఇదే అనిపిస్తుంది.

పనిగంటలు దారుణం, దాచాల్సిందేం లేదు. పగలు సీనియర్లు క్లయింట్ల దగ్గర ఉంటారు. మార్పులు సాయంత్రం ఏడెనిమిదికి వస్తాయి, తెల్లారేసరికి కొత్త కాపీ కావాలి. అందుకే మధ్యాహ్నం ఖాళీ, రాత్రి జాగారం. 2015లో గోల్డ్‌మన్ శాక్స్ తన సమ్మర్ ఇంటర్న్‌లు అర్ధరాత్రి నుంచి ఉదయం ఏడు దాకా ఆఫీసులో ఉండకూడదని చెప్పాల్సి వచ్చిందంటే పరిస్థితి ఊహించుకోవచ్చు. ఖాళీ మధ్యాహ్నాల్లో బ్యాకప్ ఫోల్డర్ ముందుకు జరిపితే రాత్రి రెండు గంటలు మిగులుతాయి. గది ఎంత దూరమైతే నిద్ర అంత తక్కువ. ఆఫీసు బీకేసీలో అయితే కలీనా, కుర్లా, బాంద్రా తూర్పు వైపు చూసుకోవాలి. చవక అని ఠాణేలో తీసుకుంటే రెండో వారానికే తెలిసొస్తుంది. జూన్ దాకా ఉండేవాళ్లు వానని కూడా లెక్కలో పెట్టుకోవాలి.

ఇంట్లోవాళ్లకి ముందే చెప్పాల్సిన సంగతొకటి ఉంది. బయటికి రాని సమాచారం చేతికొచ్చే ఉద్యోగం కనక, సెబీ 2015 నాటి ఇన్‌సైడర్ ట్రేడింగ్ నిబంధనలు ఇంటర్న్‌కీ వర్తిస్తాయి. ఆ సమాచారం ఎవరెవరికి అందిందో పాన్ నంబరుతో సహా నమోదు చేసే డేటాబేస్ ఉంటుంది. నాన్నగారి డీమ్యాట్ ఖాతా వివరాలు కూడా బ్యాంకు అడగొచ్చు. "మీ ఆఫీసులో ఏ షేరు బావుందిరా?" అని బాబాయి ఫోన్ చేస్తే నవ్వేసి మాట మార్చడమే. ఫైలుని సొంత మెయిల్‌కి పంపుకోవడం, స్క్రీన్ ఫోటో వాట్సాప్‌లో పెట్టడం వల్ల ఇంటర్న్‌షిప్ ఆ రోజుతోనే ముగియొచ్చు.

పీపీవో (ఇంటర్న్‌షిప్ అయ్యాక ఇచ్చే ఉద్యోగం ఆఫర్) సంగతి కొంత పనిలో, కొంత అదృష్టంలో ఉంది. మార్కెట్ పడిపోతే మంచి ఇంటర్న్‌కీ రాదు. మార్కెట్ బావుంటే పక్క సీటు అనలిస్టు మాటకి బరువెక్కువ. పంపేశాక తప్పు కనబడితే వెంటనే చెప్పి, సరిచేసిన ఫైలు, మారిన గడుల జాబితా జతచేసినవాళ్లని టీములు మళ్లీ పిలుస్తాయి. సగంలో ఒకసారి అభిప్రాయం చెప్పే పద్ధతి ఉన్నచోట దాన్ని వదలకూడదు. లేనిచోట నాలుగో వారం అడిగి చెప్పించుకోవాలి.

చివరి రోజు ల్యాప్‌టాప్ అప్పగించేముందు ఫైళ్లు ఎక్కడున్నాయో ఒక పేజీ రాసి ఇవ్వాలి. రెజ్యూమెలో మాత్రం తొందరపడొద్దు. డీఆర్‌హెచ్‌పీ సెబీ సైట్లో కనబడేదాకా "రసాయనాల రంగంలో ఒక ఐపీవో" అనే రాయాలి. పేరు బయటికొచ్చాక కూడా, బ్యాంకుని అడిగాకే.