మేనకోడళ్లతో శని, ఆదివారాలు: హైదరాబాద్‌లో ఏది బాగుంది, ఏది దండగ

హైదరాబాద్‌లో పిల్లల్ని తిప్పడానికి చోట్లకి కొదవ లేదు. ఇబ్బందల్లా వాటి మధ్య దూరమే. పొద్దున్న గోల్కొండ, మధ్యాహ్నం జూ, సాయంత్రం ట్యాంక్‌బండ్ అని కాగితం మీద రాసుకుంటే బాగానే ఉంటుంది. తీరా బయల్దేరితే పిల్లలు ఎక్కువసేపు చూసేది క్యాబ్ అద్దంలోంచి పక్క క్యాబ్‌ని. అందుకే అక్క కూతుళ్లు వస్తున్నారనగానే నేను పెట్టుకున్న నియమం ఒక్కటే. రోజుకి ఊళ్లో ఒక పక్కే తిరగాలి, అదీ మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ దాకా పోయే మెట్రో రెడ్ లైన్‌కి దగ్గర్లో ఉన్నవే చూడాలి.

అక్క భీమవరంలో టీచరు. శని, ఆదివారాలు ఇక్కడ ఏదో ట్రైనింగ్ పడింది. బావకి సరిగ్గా అప్పుడే చెరువులో రొయ్యలు పట్టే పని. దాంతో పదేళ్ల పెద్దది, ఆరేళ్ల చిన్నది పగలంతా నా చేతికొచ్చారు.

ముందు బస సంగతి. మియాపూర్‌లో స్నేహితులతో కలిసి నేనుండే ఫ్లాట్ ఆడపిల్లల్ని దింపే చోటు కాదు. గచ్చిబౌలి వైపు గదులు కొత్తగా, శుభ్రంగా ఉంటాయి గానీ మెట్రో స్టేషన్‌కి నడిచి వెళ్లలేం, ప్రతిదానికీ క్యాబే. నాంపల్లి, అబిడ్స్ లాడ్జీలు చవక, చూడాల్సినవన్నీ దగ్గరే, కానీ గదులు ఇరుకు, రాత్రి హారన్ల మోత. మధ్యేమార్గంగా అమీర్‌పేటలో రెండు గదుల సర్వీస్ అపార్ట్‌మెంట్ తీసుకున్నాను. రెండు మెట్రో లైన్లు కలిసే చోటు, పైగా తెల్లారేసరికి సందు చివర ఇడ్లీ దొరుకుతుంది. ఆ మేరకు మంచి ఎంపికే.

లోపలికెళ్లాక కథ వేరు. యాప్ ఫొటోలో వంటగది కళకళలాడుతోంది. అక్కడ చూస్తే ఇండక్షన్ స్టవ్ ఉంది, దాని మీద పెట్టడానికి గిన్నె లేదు. చిన్నదానికి పాలు కాచాలని కిందకెళ్లి రిసెప్షన్ కుర్రాణ్ణి అడిగితే, వంటగది వాడుకుంటే అదనపు చార్జీ అన్నాడు. "ఒరేయ్, గిన్నెకి కూడా అద్దెట్రా?" అని అక్క నవ్విందిగానీ నాకు ఒళ్లు మండింది. పిల్లలతో వచ్చేవాళ్లు ఇలాంటివి బుక్ చేసే ముందే ఫోన్ చేసి గిన్నెలు, గీజరు, అదనపు పరుపు సంగతి అడిగేయండి. ఫొటోని నమ్మొద్దు.

శనివారం మూసీ పక్క. అమీర్‌పేటలో ఎక్కితే రైలు మారకుండా ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్ స్టేషన్) దాకా వెళ్లిపోవచ్చు. భీమవరం పిల్లలకి రైలు కొత్త కాదు. ఇళ్ల మేడల ఎత్తున పోయే రైలు కొత్త. టికెట్ నా ఫోన్‌లో ఉండటంతో గేటు దగ్గర ఎవరు స్కాన్ చేయాలని గొడవ. వెళ్లేటప్పుడు ఒకళ్లు, వచ్చేటప్పుడు ఒకళ్లు అని తీర్పు చెప్పాల్సొచ్చింది. స్టేషన్ నుంచి సాలార్‌జంగ్ మ్యూజియానికి ఆటోలో కొద్ది దూరమే. శుక్రవారం సెలవని గుర్తుంచుకోండి.

మ్యూజియం మొత్తం చూపించాలని మాత్రం అనుకోకండి. పింగాణీ గదుల్లోకి వెళ్లగానే చిన్నది కాళ్లు నొప్పులంది. మూడే చూపించాను. ఒకటి సంగీత గడియారం. గంట కొట్టే సమయానికి గడ్డమున్న బుల్లి బొమ్మ తలుపు తీసుకుని బయటికొచ్చి, గంటలు కొట్టేసి లోపలికి పోతుంది. పక్కన ఇంకో బొమ్మ కమ్మరిలాగా సెకనుకో దెబ్బ వేస్తూనే ఉంటుంది. పన్నెండింటికైతే పన్నెండు దెబ్బలు కాబట్టి అప్పటికి జనం నిండిపోతారు, అరగంట ముందే చేరితే కూర్చోవడానికి చోటు దొరుకుతుంది. పన్నెండూ వేళ్ల మీద లెక్కపెట్టి పెద్దది సరిపోయాయని ఒప్పుకుంది. రెండోది 1876 నాటి 'ముసుగు రెబెక్కా', బెంజోనీ చెక్కిన పాలరాతి బొమ్మ. రాయిలో పల్చటి మేలిముసుగు కనిపించేలా చెక్కాడు. చిన్నది చాలాసేపు చూసి, "మావయ్యా, ముసుగు తీస్తే వచ్చేస్తుందా?" అంది. మూడోది బొమ్మల గది. అందులోంచి బయటికి తేవడానికే నానా తంటాలు పడ్డాను.

అక్కణ్ణుంచి చార్మినార్. శనివారం మధ్యాహ్నం పైకెక్కే క్యూ చూసి వద్దనుకున్నాం. ఇరుకు మెట్లు, ఎండ, ఆరేళ్ల పిల్ల. 1591లో కట్టింది, ఇంకోసారి ఎక్కొచ్చు. దాని బదులు లాడ్ బజార్‌లోకి తిప్పాను, శనివారానికంతటికీ అదే హైలైట్. లక్క గాజుల కొలిమి ముందు ఇద్దరూ కదల్లేదు. మెత్తబడిన లక్కని కడ్డీలా సాగదీసి, గుండ్రంగా వంచి, వేడి మీదుండగానే ఒక్కో రాయీ అద్దుతున్నారు. ఈ గాజులకి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పెద్దవాళ్ల సైజులు ఎక్కడైనా ఉంటాయి, చిన్న చేతుల సైజు కావాలంటే నాలుగు కొట్లు తిరగాలి. బేరం తప్పదు. మొదట చెప్పిన ధరకి కొంటే అమ్మేవాడే మనకేసి జాలిగా చూస్తాడు.

తిరుగు దారిలో మోజంజాహీ మార్కెట్ దగ్గర ఆగాం. 1935 నాటి రాతి కట్టడం, దాని ముందు బయటే కుర్చీలేసి పళ్ల ఐస్‌క్రీమ్ అమ్ముతారు. సీతాఫలం కాలం కావడం మా అదృష్టం. శనివారం మొత్తంలో ఇద్దరూ కొట్టుకోకుండా ఉన్నది ఆ కాసేపే.

ఆదివారం హుస్సేన్‌సాగర్ దగ్గరి నౌబత్ పహాడ్ గుట్ట. బిర్లా సైన్స్ మ్యూజియం, ప్లానెటోరియం, బిర్లా మందిర్ అన్నీ అక్కడక్కడే. మ్యూజియంలో మీటలు నొక్కే నమూనాలు కొన్ని పనిచేస్తాయి, కొన్ని చేయవు. పిల్లలకి అదేం పట్టదు, పనిచేయకపోతే ఇంకా గట్టిగా నొక్కుతారు. అసలు చూడాల్సింది డైనోసార్ అస్థిపంజరం. కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ దాని పేరు. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర, ప్రాణహిత గోదావరి లోయలో ఎముకలు దొరికాయి. 1988లో పేరు పెట్టారు. బోర్డు చదివిన పెద్దది, "అయితే మన గోదారిదే!" అని తేల్చేసింది. ఆకులలములు తినే జంతువని చెబితే చిన్నది కాస్త నిరాశపడింది. ప్లానెటోరియంలో తెలుగు షో కూడా ఉంటుంది, వేళ ముందే కనుక్కుని దాని చుట్టూ మిగతావి సర్దుకోండి. లైట్లు ఆపిన కాసేపటికే చిన్నది నిద్రపోయింది. ఏసీలో పడుకుందని టికెట్ గిట్టుబాటే అనుకున్నాను.

మధ్యాహ్నం గుడి మూసేస్తారు. ఆ ఖాళీ నింపడానికి ఒక మాల్‌లో పిల్లల ఆటల జోన్‌కి వెళ్లాం. శుద్ధ దండగ. గంట లెక్కన టికెట్, సాక్సులు తప్పనిసరి, అవీ వాళ్ల దగ్గరే కొనాలి. జారుడు బల్ల ముందు క్యూలో నిలబడ్డ సమయం కూడా గంటలోనే పోతుంది. కాస్త ఆలస్యమైతే మళ్లీ డబ్బు. రెండు రోజుల మ్యూజియం టికెట్లు, మెట్రో చార్జీలు కలిపినా అక్కడ ఖర్చయినంత కాలేదు. ఇలాంటి ఆటలు భీమవరంలోనూ ఉన్నాయని పెద్దది మొహమాటం లేకుండా చెప్పేసింది.

సాయంత్రం బిర్లా మందిర్. ఫోన్లు, బ్యాగులు కింద కౌంటర్లో పెట్టాలి కాబట్టి తక్కువ సామానుతో వెళ్లండి. ఫోన్ లేకపోవడం వల్ల పిల్లలు నిజంగా హుస్సేన్‌సాగర్‌ని చూశారు. అక్కణ్ణుంచి లుంబినీ పార్క్, బుద్ధుడి దగ్గరికి పడవ. 1990లో తీసుకెళ్తుంటే విగ్రహం నీళ్లలో మునిగిపోయిందని, 1992లో పైకి తీసి నిలబెట్టారని చెప్పాను. ఎలా తీశారు, తాడుతోనా, బుద్ధుడికి తడి ఆరిందా అని గట్టు చేరేదాకా ప్రశ్నలే. ఆదివారం సాయంత్రం రద్దీ విపరీతం. వెలుగుండగానే ఎక్కేస్తే మేలు, గాలి ఎక్కువైతే పడవలు ఆపేస్తారు.

జూ పార్క్ కావాలనే వదిలేశాను. 380 ఎకరాల జూ పూట పనితో అయ్యేది కాదు. దసరా సెలవులకి మళ్లీ వస్తామన్నారు. అప్పుడు సోమవారం కాకుండా చూసుకుని, గేటు తీసే వేళకే జూలో ఉండాలి, తర్వాత దగ్గర్లోని సుధా కార్స్ మ్యూజియం. చెప్పు ఆకారంలో కారుందని చెప్పాను, చిన్నది అప్పుడే ముందు సీటు నాదంటోంది.