యూనిసైకిల్ బ్యాటిల్‌లో టైమ్ ఎలా లెక్కపెట్టాలి, హారన్ ఎప్పుడు కొట్టాలి: ఏది మేలు?

ఒకే చక్రం ఉండే సైకిల్, అంటే యూనిసైకిల్ ఎక్కి పోటీలో తన వంతు కోసం ఎదురుచూసే రైడర్‌ని దగ్గర్నుంచి గమనించండి. కుదురుగా ఆగి ఉండడు. పెడళ్లని అర చుట్టు ముందుకి, అర చుట్టు వెనక్కి ఆడిస్తూ ఉన్నచోటే ఊగుతుంటాడు. దాన్ని ఐడ్లింగ్ అంటారు. మామూలు సైకిలైతే తొక్కడం ఆపినా చక్రం దొర్లుతుంది. ఇక్కడ పెడళ్లు నేరుగా చక్రానికే బిగించి ఉంటాయి, చక్రం తిరిగితే కాళ్లూ తిరగాల్సిందే. రిఫరీ పది సెకన్లు ఆలస్యం చేస్తే ఆ బరువంతా రైడర్ తొడల మీదే పడుతుంది. అందుకే ఈ ఆటలో టైమ్ రూల్స్ గురించి నేనింత పట్టుబట్టి మాట్లాడేది.

ఫ్లాట్‌ల్యాండ్ బ్యాటిల్ చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. చదునైన నేల మీద ఇద్దరు రైడర్లు తలపడతారు. ఒకరు దిగాక మరొకరు, వంతులవారీగా విన్యాసాలు చేస్తారు. మధ్యలో దిగకుండా, పడకుండా చేసే వరసని లైన్ అంటారు. ఎవరి లైన్లు మేలో జడ్జీలు తేలుస్తారు. మరి గడియారం ఎవరిది?

మేం నలుగురం బాస్కెట్‌బాల్ కోర్టులో ఆడుకునేటప్పుడు మొదట ఉమ్మడి గడియారం పెట్టుకున్నాం. ఇద్దరికీ కలిపి మూడు నిమిషాలు. ఒకసారి మా వాడొకడు లైన్ మధ్యలో పడ్డాడు. సైకిల్ దొర్లుకుంటూ కోర్టు గోడదాకా పోయింది. వాడు మోకాలు తుడుచుకుని, దాన్ని తెచ్చుకుని పక్కకి వచ్చేసరికి పదిహేను సెకన్లు గడిచాయి. వాడు కావాలని చేసింది కాదు. కానీ ఆ పదిహేను సెకన్లూ ఎదుటివాడి బ్యాటిల్ లోంచి పోయాయి. ఉమ్మడి గడియారంలో ఇమిడి ఉన్న లోపమిది. పొడుగు లైన్ చేసేవాడు, నెమ్మదిగా లేచేవాడు, ఇద్దరూ పక్కవాడి టైమే తినేస్తారు. చూసేవాళ్లకి సులువుగా అర్థమవుతుందన్నది ఒక్కటే దీనికున్న బలం.

తర్వాత, వంతుకి ఇన్ని సెకన్లని కొలిచి ఇవ్వడం. కబడ్డీలో రైడ్‌కి 30 సెకన్లు ఇచ్చినట్టు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో బ్రేకింగ్ (బ్రేక్‌డ్యాన్స్ పోటీ) చూసినవాళ్లకి కూడా ఇది తెలిసిన పద్ధతే, అక్కడ ఒక్కో వంతు ఇంచుమించు నిమిషం. కబడ్డీకి ఇది అచ్చంగా సరిపోతుంది, ఎందుకంటే రైడర్ పని ముగిస్తే గీత దాటి వచ్చేస్తాడు, ఆట వెంటనే చేతులు మారుతుంది. యూనిసైకిల్ మీద మాత్రం తేడా కొడుతుంది. వంతుకి 30 సెకన్లిస్తే, గొప్ప లైన్ ఒక్కోసారి 12 సెకన్లలో అయిపోతుంది. మిగతా 18 సెకన్లు ఖాళీగా పోతున్నాయే అని రైడర్ వచ్చిన చిన్నాచితకా ట్రిక్కులన్నీ కలుపుతాడు. మొదట చేసిన మంచి లైన్ పలచబడిపోతుంది. అది చూడటం నాకు కష్టంగా ఉంటుంది.

నా ఓటు మూడోదానికి: చెస్ క్లాక్ పద్ధతి. ఎవరి టైమ్ వాళ్లది. మనిషికి 90 సెకన్లు, చిన్న లైన్లుగా వాడుకుంటాడో, రెండే పొడుగు లైన్లు చేస్తాడో వాడిష్టం. పడితే వాడి టైమే పోతుంది. ఎదుటివాడు దిగిన ఐదు సెకన్లలోపు మొదలుపెట్టకపోతే గడియారం దానంతటదే నడవాలి, లేకపోతే దమ్ము తీసుకోవడానికి సాగదీస్తారు. బటన్ నొక్కడానికి ఒక మనిషిని కేటాయించాలన్నది నిజమే, అర సెకను అటూఇటూ అవుతుందన్నదీ నిజమే. ఉమ్మడి గడియారంలో పోయే పదిహేను సెకన్ల ముందు ఆ అర సెకను నాకు లెక్కలోకి రాదు.

ఇక సిగ్నల్. జెండా, డిజిటల్ బోర్డు, నోటితో లెక్క, బీప్: ఈ నాలుగింటిలో మొదటి రెండూ కంటికి సంబంధించినవి. రైడర్ చూపు నేల మీదో, తన చక్రం మీదో ఉంటుంది. బోర్డు చూడాలని తల తిప్పితే భుజం తిరుగుతుంది, భుజం తిరిగితే బ్యాలెన్స్ పోతుంది. బోర్డు ప్రేక్షకులకి పెట్టండి, మంచిదే. నోటితో లెక్కపెట్టడం మా కోర్టులో బానే నడుస్తుంది, "పదీ" అని అరిస్తే చాలు. 1984 నుంచి జరుగుతున్న యూనికాన్ లాంటి ప్రపంచ పోటీల్లో జపాన్ రైడర్‌కీ ఫ్రాన్స్ రైడర్‌కీ ఏ భాషలో అరుస్తాం? పైగా పాట మోగుతుంటే మాట కలిసిపోతుంది.

కాబట్టి బీప్. దీనికి యూనిసైకిల్ రేసులే దారి చూపించాయి. అక్కడ స్టార్టింగ్ బీపులు సమాన విరామంతో వస్తాయి, చివరిది మాత్రం వేరే శ్రుతిలో ఉంటుంది. రైడర్ ముందుకి వాలడం కాస్త ముందే మొదలుపెట్టాలి, అందుకని చివరి బీప్ ఎప్పుడొస్తుందో తెలిసి ఉండాలి. పరుగుపందెంలో లాగా ఎప్పుడు పేలుతుందో తెలియని తుపాకీ పెడితే, వాలినవాడు పడతాడు. బ్యాటిల్‌లోనూ ఇదే పద్ధతి: పది సెకన్లు ఉండగా ఒక మెత్తని బీప్, చివరి మూడు సెకన్లకి మూడు, ఆఖరిది పై శ్రుతిలో. హఠాత్తుగా ఒకే ఒక పెద్ద హారన్ కొట్టే పద్ధతి మాత్రం వద్దు. గాల్లో క్రాంక్‌ఫ్లిప్ (ఎగిరి, కిందికి వచ్చేలోపు పెడళ్లని ఒక చుట్టు తిప్పే ట్రిక్) చేస్తున్నవాడు ఉలిక్కిపడితే చీలమండ మీద దిగుతాడు.

ఆఖరి బీప్ పడే సమయానికి ట్రిక్ మధ్యలో ఉంటే? కబడ్డీలో టైమ్ అయిపోయినా ఆఖరి రైడ్ పూర్తి చేయనిస్తారు. బాస్కెట్‌బాల్‌లో బజర్‌కి ముందు చెయ్యి వదిలిన బంతి లెక్కలోకి వస్తుంది. ఇక్కడా అంతే ఉండాలి, కాకపోతే "ట్రిక్ మొదలైంది" అన్నదానికి కంటికి కనిపించే గుర్తు కావాలి. నేను పెట్టే గుర్తు పాదాలు. బీప్ మోగినప్పుడు ఏదో ఒక పాదం పెడల్ మీద లేకపోతే, రెండూ మళ్లీ పెడళ్ల మీదికి వచ్చేదాకా లైన్ బతికే ఉన్నట్టు. దీన్ని అడ్డం పెట్టుకుని ఒకడు కాళ్లు టైరు మీదే ఉంచి పది సెకన్లు లాగొచ్చని మా వాళ్లు వాదించారు. లాగనివ్వండి. అలసిపోయిన కాళ్లతో పెడల్ తాకకుండా పది సెకన్లు ట్రిక్కులు కలపగలిగితే, ఆ బ్యాటిల్‌లో అందరం చూడాలనుకున్నది సరిగ్గా అదే.