పేజీ బరువా, రిక్వెస్టుల సంఖ్యా: ముందు ఏది తగ్గించాలి?

అనంతపురం, ధర్మవరం చీరల షాపులకు సైట్లు చేసే కుర్రాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, జీటీమెట్రిక్స్‌లో పెడితే పేజీ సైజు 4 ఎంబీ, రిక్వెస్టులు 72 అని చూపిస్తోంది. రెండిట్లో ముందు ఏది తగ్గించేది?" జీటీమెట్రిక్స్ అంటే సైటు వేగం కొలిచే టూలు. పేజీ తెరవడానికి బ్రౌజర్ సర్వర్‌ని ఒక్కో ఫైలు అడగడమే ఒక రిక్వెస్టు. రెండూ తగ్గిస్తే మంచిదే, అది చెప్పడానికి నేను అక్కర్లేదు. కానీ ఓనరు ఇచ్చే డబ్బులకు ఒక పూట పనే గిట్టుబాటవుతుంది. ఆ పూట దేనిమీద పెట్టాలన్నదే అసలు సంగతి.

నా ఓటు సైజుకే. ఎందుకో లెక్క వేసి చూద్దాం.

రిక్వెస్టుల వాదనకు బలం ఉండాలని, సర్వర్ ఇంకా పాత హెచ్‌టీటీపీ/1.1 (బ్రౌజర్, సర్వర్ మాట్లాడుకునే పద్ధతి) మీదే ఉందనుకుందాం. బ్రౌజర్ ఒక సర్వర్‌కి ఒకేసారి ఆరు కనెక్షన్లే తెరుస్తుంది కాబట్టి 72 ఫైళ్లంటే 12 విడతలు. ఫోన్‌లో రౌండ్ ట్రిప్‌కి (అడిగింది సర్వర్ దాకా వెళ్లి జవాబు తిరిగి రావడానికి) 100 మిల్లీసెకన్లు వేసుకుంటే, ఊరికే ఎదురుచూడటానికి పోయేది 1.2 సెకన్లు. ఇప్పుడు కళ్యాణదుర్గం అవతల ఏదో పల్లెలో సిగ్నల్ ఒక గీతకు పడిపోయి 2 ఎంబీపీఎస్ వస్తోందనుకోండి. ఎంబీపీఎస్ అంటే సెకనుకు మెగాబిట్లు, ఒక బైటుకు ఎనిమిది బిట్లు. అంటే 4 ఎంబీ దిగడానికి 16 సెకన్లు పడుతుంది. సైజు సగం చేస్తే 8 సెకన్లు ఆదా. రిక్వెస్టులు సగం చేస్తే అర సెకను, ఇంకొంచెం. ఇది మోటు లెక్కే. డేటాను మోసే టీసీపీ పద్ధతి మొదట్లో నెమ్మదిగా పంపి తర్వాత వేగం అందుకుంటుంది కాబట్టి అసలు టైము ఇంకా ఎక్కువే అవుతుంది. అయినా ఎటు మొగ్గుతుందన్నది మారదు.

అదే పేజీని సాయినగర్‌లో ఏ ఆఫీసులోనో ఫైబర్ మీద తెరవండి. 100 ఎంబీపీఎస్ మీద 4 ఎంబీ మూడో వంతు సెకనులో దిగిపోతుంది. రౌండ్ ట్రిప్ 40 మిల్లీసెకన్లు అనుకుంటే 12 విడతలకు దాదాపు అర సెకను. ఇక్కడ రిక్వెస్టులదే పైచేయి. అందుకే సైటు చేసే మనిషికి రిక్వెస్టులు తగ్గిస్తే తేడా కనబడుతుంది, ఫోటోలు తగ్గిస్తే కనబడదు. చీర కొనే మనిషికి రివర్సు. పేజీ ఎవరు, ఎలాంటి సిగ్నల్ మీద తెరుస్తున్నారన్నదే నా దృష్టిలో దీన్ని తేల్చే విషయం. క్రోమ్ డెవ్‌టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి, స్పీడు 'స్లో 4జీ'కి మార్చి మీ సైటు మీరే చూడండి. ఓనరుకు కూడా అదే చూపించండి, వాదనలు తగ్గుతాయి.

రిక్వెస్టులు తగ్గించమనే సలహా గాలిలోంచి ఊడిపడలేదు. 2007 నాటికి యాహూ పెర్ఫార్మెన్స్ టీం చెప్పిన సూత్రాల్లో మొదటిదే అది. ఆ రోజుల్లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ సర్వర్‌కి రెండే కనెక్షన్లు తెరిచేది, కాబట్టి ఐకాన్లన్నీ ఒకే బొమ్మలో పేర్చడం, సీఎస్ఎస్ (పేజీ రూపం చెప్పే కోడ్) అంతా ఒకే ఫైల్లో కుక్కడం తెలివైన పనే. 2015లో హెచ్‌టీటీపీ/2 వచ్చాక ఒకే కనెక్షన్ మీద పదుల ఫైళ్లు ఒకేసారి నడుస్తున్నాయి. ఇప్పుడు అన్నీ కలిపి ఒకే కట్ట కడితే, ఒక బటన్ రంగు మార్చినా పాత కస్టమర్ ఆ కట్టంతా మళ్లీ దించుకోవాలి. బొమ్మల్ని బేస్64గా, అంటే అక్షరాల రూపంలోకి మార్చి పేజీలో ఇరికించేవాళ్లు రిక్వెస్టు మిగిల్చి, ఆ బొమ్మ బరువు మూడో వంతు పెంచుకుంటున్నారు.

రిక్వెస్టుల్లో నేను భయపడేది ఒక్కదానికే: వేరే సర్వర్లకు వెళ్లేవాటికి. చాట్ బటన్, రివ్యూల విడ్జెట్, ఫాంటు, ట్రాకింగ్ కోడ్ తలా ఒక చోటి నుంచి వస్తాయి. కొత్త సర్వర్ అంటే డీఎన్ఎస్ (అడ్రసు వెతకడం), టీసీపీ (కనెక్షన్ కలపడం), ఆపైన టీఎల్ఎస్ (దానికి రహస్య తాళం వేయడం). అన్నీ కొత్త వెర్షన్లే అయినా అసలు ఫైలు అడిగేలోపే రెండు మూడు రౌండ్ ట్రిప్పులు అయిపోతాయి. గూగుల్ ఫాంట్స్ అయితే సీఎస్ఎస్ ఒక సర్వర్ నుంచి, అది చదివాక ఫాంటు ఇంకో సర్వర్ నుంచి. "అది అందరి ఫోన్లలో ముందే క్యాష్ అయి ఉంటుంది కదా" అంటారు. క్యాష్ అంటే ఒకసారి దించిన ఫైలును ఫోన్లోనే దాచుకోవడం. 2020లో క్రోమ్ ఒక్కో సైటుకు క్యాష్ విడదీసింది, ఆ లాభం పోయింది. పైగా ఒత్తులు, గుణింతాల వల్ల తెలుగు ఫాంటు ఇంగ్లిష్ ఫాంటు కంటే చాలా బరువు. ఆండ్రాయిడ్ ఫోన్లో చదవడానికి బాగుండే తెలుగు ఫాంటు ఉండనే ఉంది. దాంతో సరిపెట్టుకుంటే బరువూ తగ్గుతుంది, ఒక గొలుసూ తెగుతుంది.

ఇక ఆ పూట పని. ముందు ఫోటోలు. ఫోన్‌తో తీసిన 4000 పిక్సెళ్ల ఫోటో 3 ఎంబీ ఉంటుంది, చూపించేదేమో అరచేయంత స్క్రీన్ మీద. 1000 పిక్సెళ్లకు కుదించి, వెబ్‌పీలో (బరువు తక్కువుండే ఫోటో ఫార్మాట్) 75–80 క్వాలిటీతో సేవ్ చేస్తే చాలావరకు 150 కేబీ లోపే వస్తుంది. పట్టు చీరలకు మాత్రం ఒక చిక్కుంది. మామూలు వెబ్‌పీ రంగు వివరాన్ని సగం రిజల్యూషన్‌లోనే దాచుకుంటుంది. ఎర్ర చీర మీద సన్నటి జరీ గీత ఉంటే అంచు మసకబారి, ఎరుపు పక్కకు కారినట్టు కనిపిస్తుంది. జరీ చూసే రేటు కట్టే కస్టమర్‌కి అది కుదరదు. లిస్టులో వెబ్‌పీ పెట్టండి. వేలితో నొక్కినప్పుడు తెరుచుకునే పెద్ద ఫోటోకు రంగు కుదించని 4:4:4 జేపెగ్ గానీ, అదే సెట్టింగుతో ఏవిఫ్ అనే కొత్త ఫార్మాట్ గానీ పెట్టండి. నొక్కేదాకా అది దిగకూడదు. కింద ఉన్న చీరలకు లేజీ లోడింగ్ (అక్కడిదాకా స్క్రోల్ చేసినప్పుడే దించడం) సరే, పేజీలో మొట్టమొదట కనిపించే ఫోటోకు మాత్రం వద్దు. పెద్ద బొమ్మ 2.5 సెకన్లలోపు కనబడాలని గూగుల్ పెట్టిన గీటురాయి దానిమీదే ఆధారపడుతుంది.

సైజు అన్నాను కదా అని కేబీలన్నీ ఒకటే అనుకోకండి. 200 కేబీ ఫోటో దిగగానే కనిపిస్తుంది. 200 కేబీ జావాస్క్రిప్ట్ (పేజీని కదిలించే కోడ్) దిగాక ఫోను దాన్ని చదివి, కంపైల్ చేసి, నడపాలి. చవక ఫోన్లో ఆ పని జరిగేంతసేపూ నొక్కినా స్పందన ఉండదు. ఫోటోల తర్వాత కత్తెర పడాల్సింది వాడని స్లైడర్ ప్లగిన్ల మీదే.

హోస్టింగ్ మార్చాలా అని కూడా అడుగుతారు. సర్వర్ అమెరికాలో ఉంటే ముంబైకో హైదరాబాద్‌కో తెచ్చుకోండి, రౌండ్ ట్రిప్ బాగా తగ్గుతుంది. ఇప్పటికే ఇండియాలో ఉంటే ఖరీదైన ప్లాన్ మీద పెట్టే డబ్బు దండగ. ఏఎంపీ (ఫోన్లలో పేజీలు వేగంగా తెరుచుకోవాలని గూగుల్ తెచ్చిన పద్ధతి) గురించి 2021 తర్వాత అడిగేవాళ్లే తగ్గిపోయారు, నేనూ వదిలేశాను.