'ది స్మైల్ సెషన్స్': ఏ సెట్ కొనాలి, ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి

అమెరికా పాప్ బృందం బీచ్ బాయ్స్ వారి 'స్మైల్' ఆల్బం విందామని స్ట్రీమింగ్ యాప్‌లో వెతికితే మూడు పేర్లు తగులుతాయి. 1967 నాటి 'స్మైలీ స్మైల్', 2004 నాటి 'బ్రయాన్ విల్సన్ ప్రెజెంట్స్ స్మైల్', 2011 నాటి 'ది స్మైల్ సెషన్స్'. 1967 జనవరిలో షాపులకు రావాల్సిన ఆల్బం మాత్రం ఈ మూడింటిలో ఏదీ కాదు. ఆ ఆల్బం అసలు పూర్తవలేదు. ఈ సంగతి తెలియక మొదట చేతికందింది విని, "దీనికేనా ఇంత పేరు" అని పక్కన పడేసేవాళ్లు చాలామంది. తప్పు వాళ్లది కాదు, మొదలుపెట్టిన చోటుది.

ముందే చెప్పేస్తున్నాం. కొనదగ్గది 2011 సెట్. మొదటిసారి వినేవాళ్లకు రెండు సీడీల ప్యాక్ చాలు. పాట ఎలా తయారవుతుందో తెలుసుకోవాలన్న ఆసక్తి ఉంటే ఐదు సీడీల పెట్టె తీసుకోండి. అయితే దాని విలువ మొదటి సీడీలో లేదు, మిగతా నాలుగింటిలో ఉంది. ఎందుకో అర్థం కావాలంటే ఈ ఆల్బం ఎక్కడ ఆగిపోయిందో తెలియాలి.

1966లో 'పెట్ సౌండ్స్' ఆల్బం పూర్తవుతున్న దశ నుంచే బృందం పాటలు కట్టే బ్రయాన్ విల్సన్ పాటను మొదటి నుంచి చివరిదాకా ఒకే ఊపులో రికార్డు చేయడం మానేశాడు. పల్లవి ఒక రోజు, చరణం ఇంకో రోజు, మధ్యలో వచ్చే పది సెకన్ల వాద్యం వేరే స్టూడియోలో వేరే రోజు. ఒక్కో ముక్కకు సొంత స్వరస్థాయి, సొంత గది ప్రతిధ్వని. తర్వాత టేపును బ్లేడుతో కోసి, అతికించి పాట కట్టేవాడు. 'గుడ్ వైబ్రేషన్స్' ఇలాగే పుట్టింది. 1966 ఫిబ్రవరిలో మొదలై సెప్టెంబరులో పూర్తయింది. గోల్డ్ స్టార్, వెస్టర్న్, సన్‌సెట్ సౌండ్, కొలంబియా, ఇలా లాస్ ఏంజిలిస్‌లోని నాలుగు స్టూడియోలు తిరిగింది. అక్టోబరులో విడుదలై అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ మొదటి స్థానానికి చేరింది. మూడున్నర నిమిషాల పాటకు ఏడు నెలలు పట్టింది.

అదే పద్ధతిలో ఆల్బం మొత్తం చేయాలన్నది తర్వాతి ఆలోచన. మాటలు వాన్ డైక్ పార్క్స్ రాశాడు. వాద్యాలు వాయించింది హాల్ బ్లెయిన్, కేరల్ కే వంటి స్టూడియో కళాకారులు. ముక్కలు వందల్లో తయారయ్యాయి. ఏ ముక్క ఏ పాటకు చెందుతుందో, ఏది ముందు, ఏది వెనక అన్నది మాత్రం తేలలేదు. ఒక క్రమం ప్రయత్నించాలంటే టేపు కోయాలి, నచ్చకపోతే విప్పి మళ్లీ అతకాలి. ఒక్క పాటకు అది సాధ్యమైంది. పన్నెండు పాటలకు, ముక్కలు ఒక పాటలోంచి ఇంకో పాటలోకి వలస వెళ్తుంటే, పని చేయిదాటిపోయింది. 'డూ యూ లైక్ వర్మ్స్'లోని బాణీ 'హీరోస్ అండ్ విలన్స్' సింగిల్ (విడిగా విడుదలైన పాట) పల్లవిలోకి వెళ్లడం ఇందుకు మంచి ఉదాహరణ. ఇవి చాలవన్నట్టు 1967 ఫిబ్రవరి నాటికి వాళ్ల రికార్డు కంపెనీ క్యాపిటల్‌తో దావా నడుస్తోంది, పార్క్స్ మాటల మీద గాయకుడు మైక్ లవ్ అభ్యంతరాలు ఉన్నాయి, బ్రయాన్ మానసిక స్థితి బాగోలేదు. ఏదో ఒక్కదాని మీదకు నెపం నెట్టే కథలను నమ్మకండి. బీటిల్స్ 'సార్జెంట్ పెప్పర్' విని బ్రయాన్ చేతులెత్తేశాడన్నది వాటిలో ఒకటి. 'స్మైల్' ఆగిపోయిందని బృందం ప్రచారకర్త డెరెక్ టేలర్ బ్రిటిష్ పత్రికలో రాసింది మే మొదటి వారంలో. 'పెప్పర్' అప్పటికింకా అమ్మకానికే రాలేదు.

క్యాపిటల్ కంపెనీ అప్పటికే ఫ్రాంక్ హోమ్స్ బొమ్మతో, చిరునవ్వులు అమ్మే దుకాణం బొమ్మతో, లక్షల అట్టలు అచ్చువేసి పెట్టుకుంది.

ఇక మూడు ఆల్బంల సంగతి.

'స్మైలీ స్మైల్' 1967 సెప్టెంబరులో వచ్చింది. బ్రయాన్ ఇంట్లోనే, ఇంటి ఆర్గన్‌తో, తక్కువ వాద్యాలతో అవే పాటల్ని మళ్లీ కొత్తగా పాడి చేసిన రికార్డు ఇది. 'హీరోస్ అండ్ విలన్స్', 'గుడ్ వైబ్రేషన్స్' పక్కనపెడితే 'స్మైల్' వైభవం ఇందులో వినిపించదు. దీనికంటూ ఒక ప్రశాంతత ఉంది, ఇష్టపడే వాళ్లూ ఉన్నారు. కానీ దీనితో మొదలుపెట్టొద్దు.

2004 రికార్డుది వేరే విలువ. బ్రయాన్ తన కొత్త బృందంతో, అందులోని కీబోర్డు కళాకారుడు డేరియన్ సహనజ సాయంతో పాత ముక్కలన్నీ ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించుకుని క్రమం కుదిర్చాడు. పార్క్స్ మళ్లీ వచ్చి ఖాళీలకు మాటలు పూరించాడు. ఆ ఫిబ్రవరిలో లండన్ రాయల్ ఫెస్టివల్ హాల్‌లో మొదటి ప్రదర్శన ఇచ్చి, సెప్టెంబరులో ఆల్బం విడుదల చేశారు. పదిహేడు పాటలు, మూడు భాగాలు, దాదాపు 47 నిమిషాలు. బ్లేడుతో తేలని చిక్కు మౌసుతో తేలింది. అరవై దాటిన బ్రయాన్ గొంతులో పాత మెత్తదనం లేదు, హైపిచ్ స్వరాలు చాలావరకు బృందమే అందుకుంది. అయినా రచయితలిద్దరూ కలిసి "ఇదీ ఆల్బం" అని చెప్పిన రూపం ఇదొక్కటే.

2011 సెట్ కూర్పు చేసినవాళ్లు మార్క్ లినెట్, అలన్ బాయిడ్, డెనిస్ వుల్ఫ్. 1966–67 నాటి అసలు టేపుల్ని 2004 క్రమం ఆధారంగా అమర్చారు. మొదటి సీడీలో పంతొమ్మిది పాటలు, దాదాపు 48 నిమిషాలు, మోనో (రెండు స్పీకర్లలోనూ ఒకే శబ్దం). ధ్వని చాలా శుభ్రంగా ఉంది. 'క్యాబిన్ ఎసెన్స్' వినండి. బ్యాంజో, గొంతులు మెల్లగా ఊగుతూ ఉండగా ఒక్కసారిగా రైలు మీదకు వచ్చినట్టు చెల్లో, గరగరలాడే బేస్ గిటారు (ఫజ్ బేస్), మూకుమ్మడి గొంతులు విరుచుకుపడతాయి. పాత దొంగ కాపీల్లో ఈ చోటు బురదబురదగా ఉండేది. ఇక్కడ ఏ వాద్యానికి ఆ వాద్యం విడిగా తెలుస్తుంది.

లోపాలూ చెప్పాలి. 'లుక్', 'హాలిడేస్' పాటలకు 1967లో చరణాల గానం రికార్డు కాలేదు. అందువల్ల అవి ఇక్కడ దాదాపు వాద్య సంగీతంగానే మిగిలాయి. 'డూ యూ లైక్ వర్మ్స్' చరణాల్లోనూ అదే వెలితి. ఆ మాటలు కావాలంటే 2004 రికార్డుకే వెళ్లాలి. 'సర్ఫ్స్ అప్' సంగతి ఇంకా ఆసక్తికరం. మొదటి సగానికి 1966 నవంబరు నాటి వాద్యం ఉంది, దాని మీద గానం లేదు. డిసెంబరులో బ్రయాన్ ఒంటరిగా పియానో వాయిస్తూ పాడిన టేపు ఉంది. కూర్పు చేసినవాళ్లు ఆ గొంతును తెచ్చి వాద్యం మీద కూర్చారు. రెండో సగం పియానో టేపే. 1971లో ఇదే పాటను 'సర్ఫ్స్ అప్' ఆల్బంలో వేసినప్పుడు మొదటి సగాన్ని తమ్ముడు కార్ల్ కొత్తగా పాడాడు. రెండూ పక్కపక్కన పెట్టి వింటే తేడా మొదటి లైన్‌లోనే తెలుస్తుంది. కార్ల్ నిలకడగా పాడితే, బ్రయాన్ మాట తడబడుతుందేమో అన్నంత సున్నితంగా పాడతాడు. కూర్పు గొప్పగా కుదిరింది. కానీ అది 2011 నాటి పని అని గుర్తుంచుకుని వినండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. 1966 డిసెంబరులో క్యాపిటల్ కంపెనీకి చేరిన చేతిరాత జాబితాలో పాటలు పన్నెండు. అప్పటి ఎల్పీ అంటే రెండు వైపులు. మూడు భాగాల కూర్పు 2004లో వచ్చింది. సెట్‌లోని వినైల్‌లో ఆల్బం మూడు వైపులకు పరుచుకుని, నాలుగో వైపు స్టీరియో మిక్స్‌లు చేరడానికి కారణం అదే. 1967 రూపానికి దగ్గరగా వినాలంటే మొదటి సీడీ నుంచి ఆ పన్నెండు పాటలతో సొంత ప్లేలిస్ట్ చేసుకోండి. మొత్తం 37 నిమిషాల లోపే వస్తుంది.

మేం సూచించే వరుస ఇది. మొదటి వైపు: 'హీరోస్ అండ్ విలన్స్', 'డూ యూ లైక్ వర్మ్స్', 'ఐయామ్ ఇన్ గ్రేట్ షేప్', 'మై ఓన్లీ సన్‌షైన్' (జాబితాలో దీని పేరు 'ది ఓల్డ్ మాస్టర్ పెయింటర్'), 'వండర్‌ఫుల్', 'చైల్డ్ ఈజ్ ఫాదర్ ఆఫ్ ది మ్యాన్', 'క్యాబిన్ ఎసెన్స్'. రెండో వైపు: 'గుడ్ వైబ్రేషన్స్', 'వెజిటబుల్స్', 'విండ్ చైమ్స్', 'ఫైర్', 'సర్ఫ్స్ అప్'. ఒక్కో వైపు పద్దెనిమిది నిమిషాల చుట్టుపక్కల తూగుతుంది. జాబితాలోని 'ది ఎలిమెంట్స్' స్థానంలో 'ఫైర్' పెట్టాం, ఎందుకంటే నిప్పు, నేల, గాలి, నీరు అనే ఆ వరుసలో నిస్సందేహంగా గుర్తుపట్టగలిగింది అదొక్కటే. 'చైల్డ్'ను 'సర్ఫ్స్ అప్' పక్కన పెట్టొద్దు. 'సర్ఫ్స్ అప్' ముగింపులో ఆ బాణీయే తిరిగి వస్తుంది, వెంటవెంటనే వింటే దాని బలం పోతుంది. మధ్యలో అరగంటో పావుగంటో ఎడం ఉంటే, ఎక్కడో విన్న గొంతు మళ్లీ పలకరించినట్టు ఉంటుంది.

వినేటప్పుడు సెట్టింగ్స్ సరిచూసుకోండి. షఫుల్ వద్దు. క్రాస్‌ఫేడ్ (ఒక పాట చివర మీదకు తర్వాతి పాటను కలిపే సెట్టింగ్) ఆపేయండి, లేకపోతే పాటల అతుకులు ఒకదాని మీద ఒకటి పడి కూర్పంతా చెడుతుంది. పాటల మధ్య ఖాళీ రాకుండా గ్యాప్‌లెస్ ఆన్‌లో ఉంచండి. ఫోన్‌లో డాల్బీ, 3డీ లాంటి విస్తరణలు ఉంటే తీసేయండి. బ్రయాన్‌కు కుడి చెవి వినిపించేది కాదు, మిక్స్ చేసింది మోనోలో. మోనోను బలవంతంగా వెడల్పు చేస్తే గొంతులు పల్చబడతాయి. ఫోన్ స్పీకర్ మీద అసలు వద్దు. ఈ పాటల్లో బేస్ గిటారు తాళం కోసం కాదు, రెండో బాణీలా నడుస్తుంది. అది వినపడకపోతే సగం పాట పోయినట్టే.

ఇక పెట్టె. రెండో సీడీలో ఎక్కువ భాగం 'హీరోస్ అండ్ విలన్స్' ముక్కలు, ఐదో సీడీ మొత్తం 'గుడ్ వైబ్రేషన్స్'. ఐదోదానితో మొదలుపెట్టండి, ఎందుకంటే పూర్తయిన పాట మీకు ముందే తెలుసు కాబట్టి ముక్క వినగానే దాని చోటు గుర్తుపట్టగలరు. ట్రాక్ పేరులోనే స్టూడియో, తేదీ ఉంటాయి. తేదీలు అమెరికా పద్ధతిలో ఉన్నాయి: 2/18/66 అంటే ఫిబ్రవరి 18. మొదట సింగిల్‌ను రెండుసార్లు వినండి. పల్లవిలో చెల్లో ఒక్కో దెబ్బను మూడుగా విడగొట్టి గీరుతుంటే, పైన పాల్ టానర్ వాయించే ఎలక్ట్రో-థెరమిన్ అనే ఎలక్ట్రానిక్ వాద్యం జారుతూ ఉంటుంది. చివరికి వస్తుండగా ఆర్గన్ మీద నెమ్మదించిన భాగం తర్వాత గొంతులన్నీ ఒక "ఆ" దగ్గర ఆగుతాయి. వాద్యం లేదు, గది ప్రతిధ్వని మాత్రం గాల్లో వేలాడుతుంది. మరుక్షణం పల్లవి విరుచుకుపడుతుంది. ఆ చోట టేపు అతుకు ఉంది. దాన్ని ఒకసారి పట్టుకున్నాక సీడీకి వెళ్లండి. అతుకుకు ఇటుదీ అటుదీ వేరువేరు రోజుల పని అని చెవికే తెలిసిపోతుంది.

రెండో సీడీని ఏకబిగిన వినొద్దు. ఒకే నాలుగు స్వరాల మీద కట్టిన ముక్కలు వరసగా వస్తుంటే ఇరవై నిమిషాలకే చెవి అలసిపోతుంది. రోజుకు నాలుగైదు ట్రాక్‌లు చాలు. మాట్లాడే బ్యాక్‌గ్రౌండ్ గొంతుల్ని దాటేయకండి. కంట్రోల్ రూమ్‌లోంచి బ్రయాన్ ఏ వాద్యాన్ని ఎలా మార్చమంటున్నాడో, తర్వాతి టేక్‌లో అది ఎలా మారిందో పోల్చుకోవడమే ఈ సీడీల అసలు ప్రయోజనం. అప్పటికి అతని వయసు 24. మానసిక స్థితి దెబ్బతిన్న మనిషి స్టూడియోలో అయోమయంగా తిరిగాడన్న కథ ఈ టేపుల ముందు నిలవదు. ప్రతి సూచనా స్పష్టంగా, మర్యాదగా ఉంటుంది. ఏం కావాలో తెలిసిన మనిషి గొంతది.

ఐదు సీడీలతో పాటు పెట్టెలో రెండు ఎల్పీలు, రెండు ఏడంగుళాల సింగిల్స్, పోస్టర్, 60 పేజీల పుస్తకం ఉంటాయి. వినైల్ ప్లేయర్ లేనివాళ్లకు ఇందులో సగం అలంకారమే. అలాంటివాళ్లు రెండు సీడీల ప్యాక్ కొని, మిగతా సెషన్స్ స్ట్రీమింగ్‌లో వినడం తెలివైన పని. సెకండ్‌హ్యాండ్ పెట్టె కొంటుంటే అమ్మేవాళ్లను సీడీలు ఐదూ, సింగిల్స్ రెండూ కనిపించేలా ఫొటో అడగండి. చిన్న సింగిల్సే ముందు మాయమవుతాయి. విదేశం నుంచి తెప్పిస్తే బరువును బట్టి పోస్టేజీ, దానిపైన కస్టమ్స్ సుంకం కలిపి లెక్కవేసుకోండి.

పెట్టె చేతికొచ్చాక 1967 నాటి 'సర్ఫ్స్ అప్' ఒంటరి పియానో గానాన్ని మర్చిపోవద్దు. ఆల్బం ఆపేశామని ప్రకటించిన కొన్ని నెలలకు, వేరే ఆల్బం పనుల మధ్య బ్రయాన్ పాడింది అది. ఆ టేపు ఉన్నట్టు ఎవరికీ తెలియకుండా దశాబ్దాల పాటు వేరే పాట రీలు చివర ఉండిపోయింది. అవసరం లేకపోయినా, అడిగేవాళ్లు లేకపోయినా, పాటను మొదటి నుంచి చివరిదాకా పాడాడు. అందులో అతుకుల్లేవు.