గోడల మధ్య టేపు పెట్టి ఇల్లు కొనకండి, సర్వేయర్‌ను పిలవండి

నల్గొండలో దేవరకొండ రోడ్డు వైపు పాత ఇల్లు చూస్తున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఇది చదివాకే అడ్వాన్స్ ఇవ్వండి. నిన్న జరిగింది, రాత్రంతా నిద్ర లేదు.

ఇల్లు కొని పదకొండు నెలలు. 200 గజాలు, 36 బై 50. లింకు డాక్యుమెంట్లు (అంతకుముందు అమ్మకాల పత్రాలు), ఈసీ (ఆస్తి మీద అమ్మకాలు, తాకట్లు చూపే సర్టిఫికెట్), ఇంటి పన్ను రసీదులు అన్నీ చూశాం, బ్యాంకు లాయర్ కూడా క్లియర్ అన్నాడు. నిన్న పక్క ఖాళీ ప్లాటు ఆయన ఇల్లు మొదలుపెడదామని సర్వేయర్‌ను తీసుకొచ్చాడు. ఆ సర్వేయర్ మా గోడ నుంచి కొలవలేదు. నక్షా తీసి, వీధి చివర సర్వే రాయి దగ్గర మూడు కాళ్ల మిషన్ పెట్టి, అక్కడి నుంచి కొలుచుకుంటూ వచ్చి మా ఇంట్లో బట్టలుతికే బండ దగ్గర ఆగాడు. బండ లేపి జానెడు తవ్వితే హద్దు రాయి బయటపడింది. మా తూర్పు గోడకు ఐదడుగులు లోపల! మెట్లు, బాత్రూం, సంపు అన్నీ పక్కాయన జాగాలోనే ఉన్నాయి. రోడ్డు వెడల్పు చేసినప్పుడు పడమర వైపు ఐదడుగులు పోయిందట, మాకు అమ్మినాయన తూర్పు గోడను ఐదడుగులు అవతలికి జరిపి కట్టుకున్నాడు. 250 చదరపు అడుగులు, దాదాపు 28 గజాలు.

నా కడుపు మండుతున్నది ఒక్కదానికే. కొనేముందు టేపు తీసుకెళ్లింది నేను, రెండో కొస పట్టుకున్నది అమ్మినతను. సరిగ్గా ఆ బండ దాటి గోడకు టేపు ఆనించి, "36 పక్కా ఉంది చూడన్నా, ఇంచు కూడా తక్కువ లేదు" అన్నాడు. ఆ బండ వేయించింది కూడా అతనే. ఆ రోజు వాళ్లింట్లో చాయ్ తాగి వచ్చాం. నిన్న ఫోన్ చేస్తే అన్నా పోయి నువ్వు వచ్చింది. "కొనేటప్పుడు నీ కండ్లు యాడ పెట్టుకున్నవ్? నువ్వే కొలుసుకున్నవ్ గదా, నాకేం సంబంధం" అని పెట్టేశాడు.

మా బావమరిది అప్పుడే మొత్తుకున్నాడు, సర్వే చేయిద్దాం బావా అని. రిజిస్ట్రేషన్‌కు లక్షలు కట్టి, సర్వేకు ఐదు వేలు ఎందుకు దండగ అన్నది నేనే. ఆ మాట ఇప్పుడు గుర్తొస్తే నా మీద నాకే కోపం వస్తోంది.

గోడల మధ్య టేపు పెడితే గోడల మధ్య దూరమే తెలుస్తుంది, గోడ ఎవరి జాగాలో ఉందో తెలియదు. ఈసీలో అమ్మకాలు, తాకట్లు కనిపిస్తాయి, జరిపిన గోడ కనిపించదు. రిజిస్ట్రేషన్ ఆఫీసువాళ్లు కాగితం చూస్తారు, ఇంటికొచ్చి కొలవరు. అందుకే అడ్వాన్స్ కంటే ముందే లైసెన్స్ ఉన్న సర్వేయర్‌ను మీరే మాట్లాడుకోండి, అమ్మేవాళ్లు తెచ్చినాయన వద్దు. పక్కన ఖాళీ ప్లాటు ఉంటే దాని ఓనర్‌ను పిలిచి ఆయన ముందే కొలిపించండి.

మెట్లు తీయడానికి పక్కాయన నెల టైమిచ్చాడు. సోమవారం లాయర్ దగ్గరికి వెళ్తున్నాం. ఇలాంటి కేసు వేసినవాళ్లు ఎవరైనా ఉంటే ఏమేం కాగితాలు పట్టుకెళ్లాలో దయచేసి చెప్పండి.