షింబాషిలో నిలబడి తిన్న సోబా, నిలబడి తాగిన బీరు

ఆఫీసు పని మీద పది రోజులు టోక్యోలో ఉండవలసి వచ్చినప్పుడు, షింబాషి స్టేషనుకు నడక దూరంలో ఒక బిజినెస్ హోటల్లో బస దొరికింది. గది ఎంత ఇరుకంటే, పెట్టె తెరవాలంటే మంచం మీదికి ఎక్కించవలసిందే. ఉదయం ఫలహారానికి రోజుకు వెయ్యి యెన్లు అదనమన్నారు కాబట్టి వద్దన్నాను. ఆ పొదుపే మొదటి రోజు పొద్దున్నే నన్ను ఒక ‘తాచిగుయి సోబా’ దుకాణానికి, అంటే నిలబడి సోబా నూడుల్స్ తినే చోటికి, నడిపించింది.

బండి దగ్గర నిలబడి ఇడ్లీ తిన్న అలవాటున్న మనకు నిలబడడం వింత కాదు. వింతంతా గుమ్మం పక్కనున్న యంత్రంలో ఉంది. డబ్బు వేసి బొమ్మ ఉన్న మీట నొక్కితే చీటీ వస్తుంది, దాన్ని గట్టు మీద పెడితే లోపలి ఆవిడ "సోబానా, ఉదోనా (లావుపాటి గోధుమ నూడుల్సా)?" అని ఒక్క మాట అడుగుతుంది, అంతటితో మాటలు అయిపోయినట్టే. ముందే ఉడికించి పెట్టిన నూడుల్స్‌ను తీగ జల్లెడలో వేసి, మరిగే నీళ్ళలో ముంచి, రెండుసార్లు విదిలించి, గిన్నెలో వేసి, పైన నల్లటి పులుసు పోసి, ఉల్లికాడల తరుగు చల్లి ముందుకు తోసేసరికి నిమిషం కూడా కాలేదు. నేను తీసుకున్నది కకియాగే సోబా, 520 యెన్లు. కకియాగే అంటే ఉల్లిపాయ, క్యారట్ తరుగుతో వేసిన, అరచేయంత పకోడీ అనుకోవచ్చు. పులుసులో మునిగిన సగం మెత్తబడి నూనె వదులుతుంటే పైసగం ఇంకా కరకరలాడుతూ ఉంటుంది. ఆ రెండూ కలిసే చోట కొరకడంలోనే రుచంతా ఉంది. సోబా అంటే కుట్టుపిండి (బక్‌వీట్ పిండి) నూడుల్స్ అని పేరే గానీ, ఇలాంటి చౌక దుకాణాల్లో చాలా చోట్ల గోధుమపిండి పాలే ఎక్కువ. అందువల్ల ఆ నూడుల్స్ గొప్పవని నేననను. కాని చలిలో ఏడు గంటలకు, జుర్రుకునే చప్పుడు తప్ప మరో మాట వినబడని ఆ వరసలో నిలబడి తింటుంటే, ఆ లోటు గుర్తుకు రాలేదు. తిన్నాక గిన్నెను మనమే గట్టు మీద తిరిగి పెట్టాలి. టిప్పు ఇచ్చే ఆచారం లేదు.

మా బృందంలోని శాకాహారికి మాత్రం ఈ దుకాణం పనికిరాలేదు. పైన ఏ కూర వేయించుకున్నా, పులుసు కాచేదే ఎండబెట్టిన చేప తురుముతో. చల్లని సోబాకు నంజుకునే రసంలోనూ అదే ఉంటుంది. ఆయన పది రోజులూ ఊరబెట్టిన ఉమె పండు పెట్టిన అన్నపు ముద్దలతో గడిపారు. కుట్టుపిండి పడనివారు ఉదోన్ అడిగినా లాభం లేదు, చాలా చోట్ల రెండింటినీ ముంచేది ఒకే నీళ్ళలో.

సాయంత్రం ఆరు దాటితే ఇదే షింబాషి మరో ఊరవుతుంది. జపాన్‌లో 1872లో మొదలైన తొలి రైలుమార్గానికి ఒక కొస ఇక్కడే ఉండేది. ఇప్పుడు స్టేషను ముందు ఒక పాత ఆవిరి ఇంజను నిలిపి ఉంటుంది. ఆఫీసులు వదిలినవాళ్ళు దాని దగ్గర కలుసుకుని, రైలు వంతెన కింది కొట్లలోకి చెదిరిపోతారు. నేను వెళ్ళిన ‘తాచినోమి’లో, అంటే నిలబడి తాగే చోట, గట్టు మీదున్న చిన్న పళ్ళెంలో రెండు వేల యెన్లు పెట్టాను. గ్లాసు వచ్చినప్పుడల్లా ఆ కుర్రాడు అందులోంచి తీసుకుని చిల్లర వదిలి వెళ్ళేవాడు. ఎంత తాగామో పళ్ళెమే చెబుతుంది. పక్కనున్న పెద్దాయన హొప్పీ ఎలా కలపాలో చేసి చూపించారు. 1948 నుంచి అమ్ముతున్న, మత్తు దాదాపు లేని బీరు లాంటి పానీయమది. సీసాను ‘సోతో’ అనీ, గ్లాసులో పోసే షోచూ అనే ఘాటైన జపాన్ మద్యాన్ని ‘నాకా’ అనీ అంటారు. సీసాలో మిగిలి ఉండగానే షోచూ అయిపోతే "నాకా" అని మాత్రం అడిగితే చాలు. రెండు గ్లాసులు, ఒక పళ్ళెం ఎదమామె (ఉడికించిన పచ్చి సోయా కాయలు), మూడు పుల్లల కోడిమాంసం కలిపి పద్నాలుగు వందలైంది.

టోక్యోలోనే మరో పేట అయిన షింజుకు సందులో కూర్చుని తిన్న ఒక కొట్టు నాకు నచ్చలేదు. అడగకుండా పెట్టే చిన్న గిన్నెకు, ‘ఒతోషి’కి, డబ్బు తీసుకోవడం అక్కడి ఆనవాయితీ కాబట్టి దాన్ని తప్పుపట్టను. కాని ఎక్కడా రాయని కూర్చున్న రుసుమును బిల్లులో కలపడం అన్యాయం. నిలబడే చోట్ల ఈ బాధ చాలావరకు ఉండదు. వీటన్నిటికంటే చౌక ‘కకుఉచి’: మద్యం కొట్టులోనే సీసా కొని, దుకాణం ధరకే అక్కడే నిలబడి తాగడం. తెలంగాణలో వైన్‌షాపు పక్కనుండే పర్మిట్ రూమ్ తెలిసినవారికి వేరే వివరణ అక్కర్లేదు, అక్కడి నిశ్శబ్దం తప్ప.

రెండు హెచ్చరికలు. 2020 ఏప్రిల్ నుంచి హోటళ్ళలో పొగ తాగడంపై కట్టడి వచ్చినా, పాత చిన్న కొట్లకు మినహాయింపు ఉండడంతో కొన్నిచోట్ల కళ్ళు మండుతాయి. అర్ధరాత్రి దాటాక రైళ్ళు ఆగిపోతే తెల్లవారుజాము దాకా టాక్సీయే దిక్కు, దాని ధర తాగిన మత్తును దించుతుంది. నడిచి చేరగలిగినందుకే ఆ ఇరుకు గదిని నేను మళ్ళీ తీసుకుంటాను.

తాగిన తరువాత నూడుల్స్‌తో ముగించడాన్ని అక్కడివారు ‘షిమె’ అంటారు. చివరి రాత్రి పదిన్నరకు పొద్దుటి సోబా దుకాణానికే వెళ్ళాను. కకియాగే మీట మీద ఎర్ర దీపం వెలుగుతోంది, అయిపోయిందట. ఉత్త పులుసు సోబాయే తీసుకుని, టై వదులు చేసుకున్న ఇద్దరి మధ్య జాగా చూసుకుని నిలబడ్డాను.